పాస్‌త్రూ వద్దన్న అమ్మాయి

"ఈ ప్లేయర్ సెట్టింగు ఎవరు మార్చారు?"

గదిలో అడుగు పెడుతూనే సిగ్వె అన్న మొదటి మాట అది. నిచ్చెన మీద నిలబడి గోడకు ముదురు నీలం రంగు వేస్తున్న అమ్మాయి వెనక్కి తిరగలేదు.

"నేనే" అంది.

"ఎందుకు మార్చావ్?"

"అవసరం వచ్చి."

"దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని పొద్దున అందరికీ చెప్పానే!"

"నేను మధ్యాహ్నం వచ్చాను." ఆమె బ్రష్షును డబ్బాలో ముంచి, కారకుండా అంచుకు ఒత్తి, మళ్లీ గోడ వైపు తిరిగింది.

నార్వేలోని బెర్గెన్‌లో ఆ రోజు కూడా వానే. అయినా వసంతకాలపు డుగ్నాడ్ ఆగలేదు. ఆ రోజు బిల్డింగులో ప్రతి ఇంటి నుంచీ ఒకరు పాత బట్టలు వేసుకుని దిగాల్సిందే. ఒకరు మెట్లు కడుగుతారు, ఒకరు తోటలో ఆకులు ఊడుస్తారు, ఒకరు అందరికీ కాఫీ కాస్తారు. ఈ ఏడు పని సెల్లారులో పడింది. యుద్ధం వస్తే తలదాచుకోవడానికని ఎప్పుడో కట్టిన కాంక్రీటు గది అది. యుద్ధం రాలేదు గానీ విరిగిన స్కీలు, ఎవరివో తెలియని సైకిళ్లు వచ్చి చేరాయి. వాటన్నిటినీ బయటపడేసి ఆ గదిని సినిమా గది చేద్దామని సంఘంలో అనుకున్నారు. ఇనుప తలుపు మూసేస్తే లోపల ఫిరంగి పేలినా పై అంతస్తులో పసిపాప నిద్ర లేవదు.

ఆ మాట విని అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు కింది అంతస్తు సిగ్వె. రేవులో ఓడలకు రాడార్లు బిగించే ఉద్యోగం అతనిది. ఇంట్లో స్పీకర్లు పెట్టుకుని పక్కింటివాళ్లతో మాటలు పడీ పడీ విసిగిపోయి, మొత్తం సామానంతా ఈ గదికి ఇచ్చేశాడు. ఇచ్చాడే గానీ వదులుకోలేదు.

"చూడు..." అంటూ నిచ్చెన దగ్గరికి వచ్చాడు. "నీ పేరు?"

"తిరిల్. మూడో అంతస్తు."

"చూడు తిరిల్, సినిమాలో సౌండు కట్టిన పొట్లంలా ఉంటుంది. పాస్‌త్రూ పెడితే ఈ ప్లేయర్ దాన్ని విప్పదు. ఎలా వచ్చిందో అలాగే స్పీకర్లను నడిపే రిసీవర్ చేతికి ఇచ్చేస్తుంది. రిసీవర్ విప్పుకుంటుంది. ఆ పని దానికి బాగా వచ్చు."

"పాస్‌త్రూ తీసేస్తే?"

"ప్లేయరే విప్పేస్తుంది. డీకోడ్ చేసేసి, తనకు తోచినట్టు సర్ది పంపిస్తుంది. మధ్యలో ఇంకొకళ్ల చెయ్యి పడుతుంది."

"పడితే?"

"ఎంగిలి సౌండు వింటాం."

తిరిల్ అప్పుడు వెనక్కి తిరిగింది. కనుబొమ్మ మీద నీలం రంగు చుక్క ఒకటి ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. సిగ్వెకు మాత్రం ఆ చుక్క తప్ప గదిలో ఇంకేదీ కనపడలేదు.

"పొట్లం విప్పితేనే కదా, అందులో మనం ఇంకోటి పెట్టగలిగేది?" అంది.

"నువ్వేం పెడతావ్?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. "నీకెందుకు?" అని మళ్లీ గోడకు రంగు వేయసాగింది.

* * *

ఆ సాయంత్రం మూడో అంతస్తు వంటింట్లో తండ్రీ కూతుళ్లు అదే విషయం మాట్లాడుకున్నారు.

తిరిల్ తండ్రి హాల్వర్ ముప్ఫై ఏళ్లు ఫెర్రీ నడిపినవాడు. ఇప్పుడు ఆయనకు చూపు నడిమి భాగం పోయి అంచులు మాత్రం మిగిలాయి. ఎదురుగా ఉన్న ముఖం కనపడదు, దాని వెనక కిటికీ వెలుతురు కనపడుతుంది. మెట్ల మీద ఎవరు పలకరించినా గొంతుబట్టి గుర్తుపట్టి జవాబిస్తాడు కనక, బిల్డింగులో ఎవరికీ అనుమానం రాలేదు. రాకూడదని ఆయన పట్టుదల.

తిరిల్ పని పరభాషా సినిమాలకు నార్వేజియన్ సబ్‌టైటిల్స్ రాయడం. చూపు ఉన్న రోజుల్లో ఆమె రాసిన ప్రతి సినిమాకూ తండ్రి వెళ్లేవాడు. కథ బాగుందో లేదో చెప్పేవాడు కాదు, ఫలానా మాట భలే పడింది అనేవాడు. రెండేళ్లుగా సినిమా మాటే ఎత్తడం లేదు.

"ప్లేయర్‌లో చదివే గొంతు ఉంది నాన్నా. సబ్‌టైటిల్ పడగానే పైకి చదువుతుంది. ఇవాళ పెట్టి చూశాను. పాస్‌త్రూ తీసేస్తే సినిమా సౌండులో కలిసి చక్కగా వినపడుతోంది."

"అంటే, ముసలాడికి చూపు లేదు, అందుకని యంత్రం చదువుతోంది అని బిల్డింగంతా నా వైపు తిరిగి చూస్తుందన్నమాట."

"ఎవరూ చూడరు. మొదటి సినిమా అల్లికల సాయంత్రం పెట్టమని మన సంఘం గున్వర్‌గారికి చెప్పాను. సగం లైట్లు వేసే ఉంటాయి. అందరూ ఊలు, సూదులు పట్టుకుని వస్తారు. తల దించుకుని అల్లేవాళ్లకు సబ్‌టైటిల్స్ పైకి చదివితే హాయే కదా? నీ కోసమని ఎవరనుకుంటారు?"

హాల్వర్ కాఫీ కప్పును చేత్తో వెతుక్కుని దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎవరి సినిమా?"

"నాదే. పోర్చుగీసుది."

హాల్వర్ కాఫీ చివరి గుక్క దాకా తాగి కప్పు కింద పెట్టాడు.

"ఒక్కసారి వస్తాను. బాగోలేదనుకో, ఇక నన్ను లాగకూడదు. నాన్నా నాన్నా అని బతిమాలకూడదు. మాటేనా?"

"మాటే" అంది తిరిల్. అనేసిందే గానీ, ఆ ఒక్కసారీ చెడితే తను రాసే మాటలు ఇక ఎప్పటికీ తండ్రికి చేరవని ఆమెకు తెలుసు.

"ఇంకో మాట. ఇది ఎవరికీ చెప్పడానికి వీల్లేదు. ఆ స్పీకర్ల అబ్బాయికి కూడా."

"ఆ అబ్బాయికి నేనెందుకు చెబుతాను!" అంది తిరిల్, అవసరమైన దానికంటే కొంచెం గట్టిగా.

* * *

ఆ తరువాత రోజులు సెల్లారులో చల్లని యుద్ధంలా నడిచాయి. తిరిల్ దిగి వచ్చి పాస్‌త్రూ తీసేసి చదివే గొంతును సరిచూసుకుని వెళ్లేది. రేవు నుంచి వచ్చిన సిగ్వె మళ్లీ పెట్టేవాడు. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ మర్యాదగా నవ్వుకునేవారు.

"గదిలో దెయ్యం తిరుగుతోంది. రోజూ నా సెట్టింగు మారుస్తోంది" అనేవాడతను.

"పాపం దెయ్యానికి చెవులు బాగా వినపడతాయేమో" అనేది ఆమె.

ఒక సాయంత్రం ఇద్దరూ ఒకేసారి దిగారు. బయట వాన మెల్లగా, తీరిగ్గా పడుతోంది. సిగ్వె గొడుగు లేకుండా వచ్చినట్టున్నాడు, జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. చేతికి దొరికిన తువ్వాలు ఇవ్వబోయి, అది తను రంగు చేతులు తుడుచుకున్నదని చూసి తిరిల్ వెనక్కి తీసుకుంది.

"ఐదు నిమిషాలు కూర్చో. పాస్‌త్రూలో వాన ఎలా ఉంటుందో వినిపిస్తాను. తరువాత నీ ఇష్టం" అన్నాడు.

"వాన కావాలంటే తలుపు తీస్తే చాలు. ఈ ఊళ్లో వానను కూర్చుని మరీ వినాలా?"

"ఐదు నిమిషాలు."

ఆమె కూర్చుంది. అతను లైటు తీశాడు. ముందు ఏమీ లేదు. తరువాత ఎక్కడో పైన, రేకు మీద, ఒక చినుకు. ఇంకొకటి. కాసేపటికి గది నాలుగు గోడలూ కరిగి, ఎవరిదో పెరట్లో చూరు కింద కూర్చున్నట్టయింది. చినుకులు తల మీదుగా నడిచి భుజం వెనక్కి జారుతున్నాయి. తిరిల్ కళ్లు మూసుకుంది. పక్కన అతని చొక్కా నుంచి నిజం వాన వాసన వస్తోంది. ఏది గదిలోదో ఏది బయటిదో కొంతసేపు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

'నాన్నకు ఇది వినిపిస్తే!' అనుకుంది. ఆ వెంటనే, ఇందులో తన మాటలు వినపడవని గుర్తొచ్చింది.

"తేడా తెలిసిందా?" అతని గొంతు చీకట్లో మెత్తగా ఉంది.

"నీకు తెలుస్తుందా?" ఆమె రిమోట్ లాక్కుంది. "అటు తిరిగి కూర్చో. నేను మారుస్తూ ఉంటాను, ఏది ఏదో చెప్పు."

"కళ్లు మూసుకుని చెబుతాను."

"ఇప్పుడు?"

"పాస్‌త్రూ. నిండుగా ఉంది."

"ఇప్పుడు?"

"డీకోడ్. చూశావా? వెంటనే పలచబడిపోయింది. మజ్జిగలో నీళ్లు పోసినట్టు."

తిరిల్ పకపకా నవ్వేసింది. "నేను మీటే నొక్కలేదు!"

సిగ్వె గబుక్కున కళ్లు తెరిచాడు. "అది... నువ్వు 'ఇప్పుడు' అన్న తీరు వల్ల."

"నా గొంతు వల్ల వాన పలచబడిందా?"

"ఎందుకు పడదు?" అని అతనూ నవ్వాడు. అలా నవ్వుతూ ఇద్దరూ ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

తేరుకుని ఆమె లేచింది. "సిగ్వె, ఒక్కటి అడుగుతాను. శనివారం సాయంత్రానికి నేను పెట్టినట్టే ఉంచు. ముట్టుకోకు."

"కారణం?"

"చెప్పలేను. చెప్పనని మాటిచ్చాను."

"సరే, ముట్టుకోను."

"నిజంగా?"

"నిజంగా" అన్నాడు సిగ్వె. ఆ క్షణాన అతను నిజంగానే అన్నాడు.

* * *

శనివారం సాయంత్రం గున్వర్ వాఫిల్స్ వాసన సెల్లారు మెట్ల దాకా వచ్చింది. బిల్డింగు సంఘం పెద్ద ఆవిడే. గోధుమరంగు చీజు పలచగా కోసి ఒక పళ్లెం, జాము ఒక గిన్నె, కాఫీ ఫ్లాస్కులు రెండు బల్ల మీద పేర్చింది. ఊలు సంచులతో ఆడవాళ్లూ, ఇద్దరు ముగ్గురు మగవాళ్లూ వచ్చి కూర్చున్నారు. హాల్వర్ కూతురి మోచేయి పట్టుకుని, ఏదో కబుర్లు చెప్పుకుంటూ నడిచినట్టే నడిచి వచ్చి మొదటి వరస చివర కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు.

సిగ్వె వెనక సామాను దగ్గర నిలబడి తిరిల్‌ను చూస్తున్నాడు. ఇది ఆమె సబ్‌టైటిల్స్ రాసిన సినిమా అని గున్వర్ ఇందాకే చెప్పింది. ఆమె ఎందుకంత కంగారుగా ఉందో ఇప్పుడు అర్థమైందనుకున్నాడు. తన సినిమా మీద తనకే నమ్మకం లేదు, గొప్పగా వినపడాలని కోరుకోవడానికి మొహమాటం. వాన, సముద్రం నిండిన సినిమా. దాన్ని తీసినవాళ్లు ఎలా పంపించారో అలా, ఒక్క చుక్క కూడా తగ్గకుండా వినపడితే ఆమె ముఖం ఎలా వెలుగుతుంది!

మాటిచ్చాడు. ఆ సంగతి గుర్తుంది. కానీ ప్రేమలో పడ్డ కుర్రాడికి తను ఇచ్చిన మాటకంటే ఇవ్వబోయే కానుకే పెద్దదిగా కనపడుతుంది. ఎవరూ చూడకుండా పాస్‌త్రూ పెట్టేశాడు.

సినిమా మొదలైంది. ఒక రేవు ఊరు. తెల్లవారుజామున రొట్టెలు అమ్మే అమ్మాయి. వలలు బాగుచేసే కుర్రాడు. అలలు గది ఒక మూల నుంచి ఇంకో మూలకు దొర్లాయి. సూదులు టిక్కు టిక్కుమంటున్నాయి. జనం ఒకసారి తెర మీద అక్షరాలు చూసి, మళ్లీ ఒళ్లోకి చూసుకుంటున్నారు.

చదివే గొంతు మాత్రం రాలేదు.

"అమ్మాయ్, నీ యంత్రానికి నోరు పడిపోయిందా?" అన్నాడు హాల్వర్ మెల్లగా. హాస్యంగానే అన్నాడు గానీ, చేతులు అప్పుడే కుర్చీ పట్టెల మీదికి వెళ్లాయి.

తిరిల్ లేచి వెనక్కి వచ్చింది.

"ఏం చేశావ్?" గుసగుసగా అడిగింది.

"పాస్‌త్రూ పెట్టాను. నీ కోసమే. ఆ అలలు విను, ఎంత..."

"మా నాన్నకు కనపడదు సిగ్వె."

అతను అర్థం కానట్టు చూశాడు.

"కళ్లు కనపడవు. ప్లేయర్ సబ్‌టైటిల్స్ చదివి వినిపిస్తుంది. డీకోడ్ చేస్తేనే ఆ గొంతు సౌండులో కలుస్తుంది. నీ పొట్లం విప్పకపోతే దాన్ని ఎక్కడ పెట్టను? ఇవాళ ఒక్కరోజుకే వస్తానన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇంకెప్పుడూ రారు." అంత వరకూ ఆపుకున్నది కళ్లలో నిండింది.

సిగ్వె చప్పున రిమోట్ అందుకున్నాడు. "సినిమా ఆపి, ఒక్క నిమిషంలో మార్చేస్తాను."

"ఆపకు! ఆపితే ఆయన లేచి వెళ్లిపోతారు. అలాంటి సాకు కోసమే చూస్తున్నారు."

మొదటి వరస చివర హాల్వర్ కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

సిగ్వె రిమోట్ కింద పెట్టాడు. ఒక స్టూలు పట్టుకుని, వరసల పక్కగా వంగి నడిచి, హాల్వర్ పక్కన వేసుకుని కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, గదంతా వినపడేలా అన్నాడు:

"అల్లుకునేవాళ్లు తల ఎత్తక్కర్లేదు. నేను చదువుతాను."

"భలే! ఇందాకటి నుంచి మెడ నొప్పి పుడుతోంది" అంది గున్వర్.

అతను చదవడం మొదలుపెట్టాడు. సౌండులో ఇంకొకరి శ్వాస కూడా సహించని సిగ్వె, అలల మీద, వాన మీద, తన బొంగురు బెర్గెన్ యాసతో చదివాడు. కుర్రాడి మాటలూ అతనివే, అమ్మాయి మాటలూ అతనివే, కోప్పడే ముసలమ్మ మాటలూ అతనివే.

"ఆ అమ్మాయి గొంతు కొంచెం సన్నగా పెట్టవయ్యా" అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఇంతకంటే సన్నబడదండీ. సర్దుకోండి."

గది నవ్వింది. హాల్వర్ కూడా నవ్వాడు. కోటు బొత్తాలు పెట్టుకునే చేతులు ఆగాయి. కాసేపటికి ఆయన తల పక్కకు వాల్చి, కళ్లు మూసుకుని, ఫెర్రీ అద్దాల గదిలో దూరపు హారన్ వింటున్నట్టు వినసాగాడు. "ఆ మాట భలే పడింది" అన్నాడు ఒకచోట, తనలో తనే.

వెనక చీకట్లో నిలబడ్డ తిరిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వాన సీను వచ్చింది. వలలు బాగుచేసే కుర్రాడు తడుస్తూ రొట్టెల అమ్మాయి గుమ్మం ముందు నిలబడ్డాడు. తెర మీద రెండు వరసలు వెలిగాయి. ఆ రెండు వరసల కోసం తిరిల్ ఎన్ని కాగితాలు చింపిందో ఆమెకే తెలుసు.

"రేవుకు నీ వీధిలోంచి పోతే చుట్టు." సిగ్వె చదివాడు. రెండో వరస దగ్గర ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆమె ఎక్కడుందో వెతికాడు. తెర వైపు చూడకుండానే పూర్తి చేశాడు: "నేను రోజూ చుట్టు తిరిగే పోతున్నాను."

సూదుల చప్పుడు ఆగింది. కళ్లు కనపడేవాళ్లందరూ తల ఎత్తి చూశారు, తెర వైపు కాదు.

"అబ్బాయ్, తరువాతి మాట దాటిపోయింది" అంది గున్వర్ మెత్తగా.

* * *

సినిమా అయ్యాక జనం వాఫిల్స్ చుట్టూ చేరారు. హాల్వర్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఇలా రా అబ్బాయ్. నా సంగతి నీకు చెప్పేసిందా?"

"చెప్పింది. తప్పు నాదండీ. ముట్టుకోనని మాటిచ్చి ముట్టుకున్నాను."

"ఎందుకు ముట్టుకున్నావ్?"

సిగ్వె తిరిల్ వైపు చూశాడు. ఆమె సాయం చేయలేదు. చేతులు కట్టుకుని జవాబు కోసం చూస్తోంది.

"తన సినిమా కదా. నా దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే మంచిది ఇవ్వాలనుకున్నాను. ఆవిడకు ఏం కావాలో అడగలేదు."

"అడిగావు. నేనే చెప్పలేదు" అంది తిరిల్. కోపంగా అనబోయింది. కుదరలేదు.

"వచ్చే శనివారం కూడా నేనే చదువుతాను. మీరు వస్తానంటే" అన్నాడు సిగ్వె.

"వస్తాను." హాల్వర్ అంత తేలిగ్గా ఆ మాట అనేసరికి తిరిల్ పక్కనున్న కుర్చీ పట్టుకుంది. "కానీ నువ్వు చదవొద్దు."

సిగ్వె ముఖం వాడిపోయింది. "బాగా చదవలేదా?"

"బాగానే చదివావు. సినిమాలో ఆడవాళ్లందరికీ జలుబు చేసింది, అంతే. చదవడం యంత్రానికి వదిలెయ్. నువ్వు నా పక్కన స్టూలేసుకుంటే అక్కడ మా అమ్మాయి ఒంటరిగా నిలబడి ఉంటోంది. నాకు చూపు లేకపోయినా ఆ మాత్రం తెలుస్తోంది."

"నాన్నా!"

"ఏం, తప్పు చెప్పానా? కాఫీ ఎక్కడ పోస్తున్నారో అటు తిప్పి వదలండి నన్ను. గున్వర్‌కు నా కళ్ల సంగతి నేనే చెప్పుకుంటాను."

చెప్పుకోవడానికి ఆయన వెళ్లాక, సిగ్వె సామాను దగ్గరికి నడిచాడు. ఎవరూ అడగకుండానే, తన చేత్తో తనే, పాస్‌త్రూ తీసేశాడు. తిరిల్ పక్కకు వచ్చి నిలబడింది.

"ఎంగిలి సౌండు. నీకు బెంగగా లేదూ?"

"కొంచెం ఉంది."

"ముందే చెబుతున్నాను. సినిమా చూసేటప్పుడు నేను పక్కవాళ్లతో ఒకటే మాట్లాడుతుంటాను. ఈ మాట ఎందుకిలా పెట్టారు, దీన్ని ఇలా రాయాల్సింది అని. నాతో కూర్చున్నవాళ్లు మళ్లీ రారు."

"మాట్లాడు."

"వాన సీన్లో కూడా?"

సిగ్వె కాస్త ఆలోచించాడు. అతనికి అది చిన్న విషయం కాదు.

"వాన సీన్లో నా చెవి దగ్గరగా మాట్లాడు" అన్నాడు.